పొద్దున తిరగదు, మధ్యాహ్నం పల్టీ కొడుతుంది

ప్రశ్న: నా దగ్గర రిమోట్‌తో నడిపే, పదో వంతు సైజు టూ వీల్ డ్రైవ్ స్టేడియం ట్రక్ ఉంది. 17.5 టర్న్ బ్రష్‌లెస్ మోటారు, 2ఎస్ (రెండు సెల్లుల) షార్టీ లైపో బ్యాటరీ, బాల్ డిఫ్ (మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం). హైదరాబాద్‌లో చర్లపల్లి వైపు ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ఆరుగురం మిత్రులం ఎర్ర బంకమట్టితో ట్రాక్ వేసుకున్నాం. ఆదివారం పొద్దున నీళ్లు చల్లి మొదలుపెడితే ముందు టైర్లు జారి బండి మలుపు బయటికి పోతుంది. పదకొండు దాటాక లైను (బండ్లు తిరిగే దారి) నల్లగా మెరుస్తుంది. అప్పుడు అదే మలుపులో రెండు చక్రాల మీద లేచి పల్టీ కొడుతుంది. మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలితే చాలు, వెనక భాగం తిరిగిపోతుంది. టైర్లకు సాస్ (పట్టు పెంచడానికి రబ్బరుకు పూసే ద్రవం) పూసుకుని దిగితే నాలుగు నిమిషాలు బాగానే ఉండి, ఐదో నిమిషంలో సబ్బు నీళ్ల మీద పోయినట్టు ఉంటుంది. గట్టి స్ప్రింగులు వేశాను, షాకుల్లో (షాక్ అబ్జార్బర్లలో) 45 వెయిట్ (నూనె చిక్కదనం అంకె) నూనె పోశాను, ముందూ వెనకా యాంటీ రోల్ బార్లు (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీలు) బిగించాను. టైర్లు బండితో వచ్చినవే, బయట గ్రౌండ్‌లో కూడా అవే వాడతాను. ఇంకా గట్టి స్ప్రింగులు తెప్పించమంటారా? జంపు మీంచి ముక్కు మీద పడుతోంది, దానికీ ఉపాయం చెప్పండి.
– ఒక పాఠకుడు, ఉప్పల్

సమాధానం: స్ప్రింగుల ఖర్చు పెట్టుకోకండి. తొమ్మిదింటికి తిరగనని మొరాయించిన బండి పదకొండింటికి పల్టీ కొడుతోంది. ఆ రెండు గంటల్లో మీ స్ప్రింగులు మారలేదు, మట్టి మారింది. మట్టి మారినప్పుడు ముందు మారాల్సింది టైరు. మీరు ఆ ఒక్కదాన్నీ వదిలేసి మిగతావన్నీ మార్చారు.

నీళ్లు చల్లిన బంకమట్టి పైపొర మెత్తగా ముద్దలా ఉంటుంది. బయట గ్రౌండ్ కోసం చేసిన పెద్ద గుబ్బల టైరు అందులో తిరిగితే గుబ్బల మధ్య సందులన్నీ మట్టితో నిండిపోతాయి. రెండు ల్యాపులు తిరిగేసరికి అది టైరు కాదు, మట్టి పూసిన బండ. ముందు చక్రాల మీద బరువు ఎలాగూ తక్కువ కాబట్టి ముందు జారేవి అవే. బండ్లు తిరిగేకొద్దీ తడి ఆరుతుంది, మట్టి అణిగిపోతుంది, దాని మీద రబ్బరు రంగు ఎక్కుతుంది, లైను పలకలా నున్నబడుతుంది. అప్పుడు పట్టు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తైన గుబ్బలు మలుపులో పక్కకి వంగి, అంచుతో నేలను కరిచి పట్టుకుంటాయి. కాస్త జారి సర్దుకోవాల్సిన చక్రం అలా ఇరుక్కుంటే, ఎత్తుగా ఉండే ట్రక్కు ఇక పడక ఏం చేస్తుంది?

అందుకని రెండు సెట్ల టైర్లు పెట్టుకోండి. పొద్దున తడికి పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉండే సన్న పిన్నుల టైర్లు. లైను నల్లబడ్డాక పిన్నులు దాదాపు లేని స్లిక్కులు. ఇండోర్ క్లే కోసమే చేసే మెత్తటి రబ్బరు రకాలు ఉంటాయి, ఆర్డరు పెట్టేటప్పుడు డిజైన్ పేరుతో పాటు ఆ రబ్బరు రకం కూడా చూసుకోండి. ఎండాకాలంలో మాత్రం రేకుల కింద మరీ మెత్తని రకం వద్దు, ఒక మెట్టు గట్టిది బాగా పనిచేస్తుంది, ఎక్కువ రోజులూ వస్తుంది. స్లిక్కులకు విడిగా డబ్బు పెట్టాలని కూడా లేదు. పొద్దుటి సెట్టు పిన్నులు సగానికి పైగా అరిగాక పారేయకండి. చక్రాన్ని డ్రిల్లుకు బిగించి, నెమ్మదిగా తిప్పుతూ 80 నంబర్ శాండ్ పేపర్‌తో పిన్నులు ఒక మిల్లీమీటరు లోపుకి వచ్చేదాకా అరగదీయండి. మధ్యాహ్నం సెట్టు తయారు. ముక్కుకి మాస్కు కట్టుకోండి, ఆ రబ్బరు పొడి మంచిది కాదు.

టైరు రిమ్ముకు అతికించే పని చాలామంది తొందరగా కానిచ్చేస్తారు. బండి వణకడానికి సగం సార్లు కారణం అక్కడే ఉంటుంది. కొత్త టైరును గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, అచ్చులోంచి వచ్చేటప్పుడు అంటిన జిడ్డు అలాగే ఉంటే జిగురు పట్టదు. లోపల స్పాంజి ఎక్కడా మడత పడకుండా కూర్చోవాలి. టైరును నొక్కి వదిలి వేళ్లతో చుట్టూ తడిమితే మడత తెలిసిపోతుంది. రిమ్ము గాడిలో టైరు అంచు చుట్టూ సమంగా కూర్చుందని చూసుకున్నాక, చక్రాన్ని చేత్తో తిప్పి ఊగుతోందేమో చూడండి. ఊగకపోతేనే జిగురు. ఫెవిక్విక్‌లా పల్చగా ఉండే జిగురును సన్న ముక్కుతో నాలుగు చోట్ల చుక్క పెట్టి, అది పట్టాక మిగతా చుట్టు పూర్తి చేయండి. రెండు వైపులా అంతే. గాలి పోవడానికి టైరులో ఎదురెదురుగా రెండు చోట్ల 3 మి.మీ. రంధ్రాలు చాలు. రంధ్రాలు లేకపోతే జంపు దిగినప్పుడు టైరు బంతిలా ఎగరేస్తుంది.

పల్టీకి ఇంకో చవకైన మందు ఉంది. ముందు టైర్ల బయటి గోడ మీద, అరిగే భాగం అంచు దగ్గర మొదలుపెట్టి నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున అదే జిగురు పల్చగా పూసి ఆరనివ్వండి. ఆ గోడ గట్టిపడి నున్నబడుతుంది. మలుపులో టైరు వంగినా ఆ అంచు నేలను కరవదు, జారిపోతుంది. స్లిక్కులకు మాత్రమే పూయండి. పొద్దుటి సెట్టుకు పూస్తే ఉన్న కాస్త స్టీరింగూ పోతుంది.

ఐదో నిమిషం జారుడుకు కారణం సాస్. పూసిన వెంటనే దిగితే అది రబ్బరు పైనే ఉంటుంది. మొదట పట్టు ఇస్తుంది, టైరు వేడెక్కేకొద్దీ చెమటలా పైకి ఊరి నూనె పూసినట్టు అవుతుంది. పల్చగా ఒక్క పూత పూసి, ఇరవై నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో గట్టిగా తుడిచి దిగండి. తుడిచిన టైరును వేలితో తాకితే వేలికి తడి అంటకూడదు, పచ్చి రబ్బరులా కాస్త జిగటగా అనిపించాలి. పూసేటప్పుడు షెడ్డు తలుపులు తీసి ఉంచండి, చేతికి గ్లౌజులు వేసుకోండి. సాస్ అయిపోయిందని పెట్రోలు, థిన్నరు పూసేవాళ్లున్నారు. రబ్బరు ఉబ్బుతుంది, జిగురు వదిలేస్తుంది, షెడ్డులో నిప్పు ప్రమాదం వేరే. ఇక ప్రతి రన్నుకు ముందు తడి గుడ్డతో టైర్ల దుమ్ము తుడవడం అలవాటు చేసుకోండి. దుమ్ము టైరుతో దిగిన బండికి మొదటి రెండు ల్యాపులు వృథా.

ట్రాక్ గురించి ఒక్క మాట. నీళ్లు పొద్దున కాకుండా ముందు రోజు రాత్రి చల్లి, గోనెపట్టాలు కప్పి వదిలేయండి. తడి లోపలికి దిగుతుంది, పొద్దున పైన ముద్ద ఉండదు. గుంతలు పూడ్చడానికి నల్లరేగడి మాత్రం కలపకండి. తడికి ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది. మట్టి సంగతి ఇంతటితో చాలు.

టైర్లు మార్చాక కూడా సెట్టింగుల జోలికి వెంటనే పోవద్దు. ముందు బండిలో ఏదైనా బిగిసిందేమో చూడాలి. నాలుగు షాకులూ ఊడదీసి చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఒక్కో ఆర్మ్‌ని పైకెత్తి వదలండి. తన బరువుకే కిందికి పడాలి. మధ్యలో ఆగిందంటే హింజ్ పిన్ (ఆర్మ్ ఆడే ఇరుసు కడ్డీ) వంగి ఉండాలి, లేదా రంధ్రంలో మట్టి చేరి ఉండాలి. పిన్నును తీసి వంటింటి గ్రానైట్ గట్టు మీద దొర్లిస్తే వంపు ఇట్టే తెలుస్తుంది. వంగిన పిన్నును సుత్తితో సరిచేయాలని చూడకండి, కొత్తది వేయండి. చక్రాల బేరింగులు కూడా వేలితో తిప్పి చూడండి. గరగర శబ్దం వస్తే కడిగి లాభం లేదు. 5×10×4, 10×15×4 లాంటి మామూలు సైజులు రాణిగంజ్ బేరింగ్ షాపుల్లో సైజు చెబితే ఇస్తారు, విదేశం నుంచి తెప్పించి కస్టమ్స్ కట్టక్కర్లేదు.

తర్వాత షాకులు. నాలుగూ విప్పి 45 వెయిట్ నూనె పారబోయండి. నూనె మరీ చిక్కనైతే పిస్టన్ రంధ్రాల్లోంచి త్వరగా పోలేదు. గతుకు తగిలినప్పుడు షాకు కుదించుకోకుండా రాయిలా నిలబడి, చక్రాన్ని నేల మీంచి ఎగరేస్తుంది. పొద్దున మీ ముందు టైర్లు జారడంలో దీనికీ వాటా ఉంది. 1.6, 1.7 మి.మీ. రంధ్రాలు రెండున్న పిస్టన్లకు ముందు 35, వెనక 30 వెయిట్‌తో మొదలుపెట్టండి. మే నెలలో షెడ్డు లోపల నలభై దాటితే నూనె పల్చబడుతుంది కాబట్టి రెండిటికీ 2.5 కలపండి, చలికాలంలో మళ్లీ తగ్గించండి. ఒక కంపెనీ 35 వెయిట్, ఇంకో కంపెనీ 35 వెయిట్ ఒకటే అనుకుని మోసపోతుంటారు. సీసా మీద సీఎస్‌టీ (సెంటీస్టోక్స్, చిక్కదనం కొలత) అంకె చూసి కొనండి. అసోసియేటెడ్ కంపెనీ లెక్కలో 30 వెయిట్ అంటే 350 సీఎస్‌టీ, 35 అంటే 425, 40 అంటే 500.

నూనె పోశాక పిస్టన్‌ను అడుగు నుంచి నెమ్మదిగా పదిసార్లు ఆడించి, షాకును నిలబెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. బుడగలన్నీ పైకి రావాలి. మూత బిగించాక చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే గుటగుట వినబడకూడదు, వినబడితే లోపల గాలి ఉంది. ఎడమ, కుడి షాకులు పూర్తిగా సాగినప్పుడు వాటి పొడవు వెర్నియర్‌తో కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా బండి ఒక వైపు బాగా తిరిగి, రెండో వైపు తిరగదు. చాలామంది దీన్ని డ్రైవింగ్ లోపం అనుకుంటారు.

ఇప్పుడు ఎత్తు. బ్యాటరీ, బాడీ అన్నీ ఉంచి, బండిని జానెడు ఎత్తు నుంచి బల్ల మీద పడేసి, అది ఎక్కడ ఆగితే అక్కడ ఛాసిస్ కింద కొలవండి. తడి నేలకు ముందూ వెనకా 23 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి, లైను నల్లబడ్డాక 21కి దించండి. స్కేలు చేతిలో లేనప్పుడు వెనక డ్రైవ్ షాఫ్టులు నేలకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. పల్టీని ఆపడంలో ఈ రెండు మిల్లీమీటర్లు స్ప్రింగు కన్నా బాగా పనిచేస్తాయి. షాకు లోపల, పిస్టన్ కింద 1 మి.మీ. స్పేసరు ఒకటి వేస్తే చక్రం కిందికి సాగే దూరం కూడా తగ్గుతుంది. దీన్ని డ్రూప్ అంటాం. మలుపులో లోపలి వైపు అంతగా లేవదు. మధ్యాహ్నానికి నాలుగు షాకులకీ ఒక్కో స్పేసరు చాలు, పొద్దున తీసేయండి. షాకులు విప్పే ఓపిక లేకపోతే ఎత్తు ఒక్కటే మార్చి చూడండి, మనుషులన్నాక బద్ధకం సహజం.

స్ప్రింగులు బండితో వచ్చినవే మళ్లీ వేయండి. ముందు వైపు యాంటీ రోల్ బార్ ఊడదీసి డబ్బాలో పడేయండి. ముందు చక్రాల పట్టు తగ్గించడం తప్ప మీ ట్రాక్ మీద అది చేసేదేమీ లేదు. వెనక బార్ పొద్దున వద్దు, లైను నల్లబడ్డాక వేసి చూడొచ్చు. క్యాంబర్ (చక్రం పైభాగం ఒరిగే కోణం) నాలుగు చక్రాలకూ ఒక డిగ్రీ నెగటివ్, అంటే లోపలికి. వెనక టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగే కోణం) మూడు డిగ్రీలు, ముందు టో సున్నా. పదిహేను నిమిషాలు తిప్పాక టైరు లోపలి అంచు ఎక్కువ అరిగితే క్యాంబర్ అర డిగ్రీ తగ్గించండి, బయటి అంచు అరిగితే పెంచండి. ఇన్ని చెప్పానని అన్నీ ఒకేరోజు తిప్పేయకండి. ఒక మార్పు, ఐదు నిమిషాల రన్ను, నోటుబుక్కులో ల్యాప్ టైము, తర్వాత ఇంకోటి.

పొద్దుటి స్టీరింగు ఇంకా చాలదనిపిస్తే బ్యాటరీని ఐదు మిల్లీమీటర్లు ముందుకు జరపండి. వంటింటి డిజిటల్ కాటాలు రెండు పక్కపక్కన పెట్టి, వెనక చక్రాలు ఒక్కోటి ఒక్కో కాటా మీద ఉంచి, ముందు చక్రాల కింద అంతే ఎత్తు పుస్తకం పెట్టి తూచండి. బండి మొత్తం 1,750 గ్రాములనుకుంటే వెనక రెండు చక్రాలూ కలిపి 1,050 చూపిస్తే బాగున్నట్టే. ఎడమ కుడి తేడా ఇరవై గ్రాములు దాటితే వైర్లు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) జరిపి సరిచేయండి. చిన్న ఇత్తడి ముక్క అతికించినా సరే.

వెనక భాగం తిరిగిపోవడం గురించి. యాక్సిలరేటర్ వదిలినప్పుడే తిరుగుతోందన్నారు కదా, ముందు ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేక్ ఎంత ఉందో చూడండి. టూ వీల్ డ్రైవ్‌లో బ్రేకు వెనక చక్రాలకే. డ్రాగ్ బ్రేక్ ఎక్కువగా ఉంటే వేలు తీసిన ప్రతిసారీ వెనక చక్రాలను గట్టిగా పట్టుకున్నట్టే. సున్నాకి దించి, బండి మరీ దూరం దొర్లుతోందనిపిస్తే ఐదు శాతం చొప్పున పెంచండి. తర్వాత డిఫ్. కుడి వెనక చక్రాన్నీ స్పర్ గేరునూ (మోటారు తిప్పే పెద్ద పళ్ల చక్రం) కదలకుండా పట్టుకుని ఎడమ చక్రాన్ని తిప్పే ప్రయత్నం చేయండి. సులువుగా తిరిగిందంటే డిఫ్ జారుతోంది, స్క్రూ ఎనిమిదో వంతు చుట్టు బిగించండి. ఇక స్పర్ గేరు ఒక్కటీ పట్టుకుని ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిశలో మెత్తగా తిరగాలి. ఇసుక నమిలినట్టుంటే విప్పి శుభ్రం చేయాల్సిందే. పెద్ద బాల్స్‌కు పారదర్శకంగా ఉండే సిలికాన్ డిఫ్ గ్రీజు, డిఫ్ స్క్రూ దగ్గరి థ్రస్ట్ బేరింగ్‌కు నల్ల గ్రీజు. ఈ రెండూ తారుమారైతే పెద్ద బాల్స్ జారిపోతాయి, ఎంత బిగించినా లాభం ఉండదు. స్లిప్పర్ క్లచ్ (మోటారు జోరు ఒక్కసారిగా పడకుండా కాస్త జారే క్లచ్) డిఫ్ కన్నా ముందు జారాలి. నిలబడ్డ బండికి ఒక్కసారిగా ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే మొదటి అడుగు, అడుగున్నర దూరం మాత్రం సన్నగా 'జుయ్' మని వినబడాలి. కీచుమని పిట్టలా అరిస్తే అది డిఫ్ అరుపు. అలాగే నడిపితే లోపలి రింగులు గీతలు పడి పాడవుతాయి.

మోటారు వేడి కూడా ఒకసారి చూసుకోండి. రన్ను అయిన వెంటనే 70 డిగ్రీలు దాటుతుంటే పినియన్ (మోటారు మీది చిన్న పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించండి. గేరు లెక్క సులువే: స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి, గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తితో గుణించాలి. 78 స్పర్, 28 పినియన్, లోపల 2.6 అయితే 7.24. మీ బండి మాన్యువల్లో ఆ లోపలి అంకె ఉంటుంది. వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, టైర్లు ఎంత వేడెక్కాయో చూడటానికీ అదే పనికొస్తుంది.

చివరిది, ముక్కు మీద పడటం. గాల్లో ఉన్నప్పుడు వెనక చక్రాలు వేగం పుంజుకుంటే ముక్కు పైకి లేస్తుంది, చక్రాలు ఆగితే ముక్కు వంగుతుంది. జంపు ఎక్కేటప్పుడు భయంతో యాక్సిలరేటర్ వదిలేస్తున్నారేమో చూసుకోండి. మీ డ్రాగ్ బ్రేక్ గాల్లోనే చక్రాలను పట్టేసి ముక్కును నేలకేసి తోస్తుంది. గట్టి వెనక స్ప్రింగులు కూడా జంపు అంచు దాటగానే వెనక భాగాన్ని పైకి తంతాయి, పాతవి వేస్తే అది కొంత తగ్గుతుంది. జంపు పైదాకా యాక్సిలరేటర్ ఒకేలా పట్టి ఉంచండి. గాల్లో ముక్కు దిగుతున్నట్టు కనబడితే వేలు కొంచెం లాగండి, ముక్కు మరీ లేస్తే బ్రేకు ఒక్కసారి తట్టండి. నేలను తాకే క్షణానికి చక్రాలు తిరుగుతూ ఉండాలి.